రుద్దకుండా బండి కడగడం ఎలా?

సాయంత్రం ఎండ ఏటవాలుగా పడే వేళ మీ కారు బానెట్ ముందు కొంచెం వంగి చూడండి. బైక్ అయితే ట్యాంక్ మీద చూడండి. ఎండ తగిలి మెరిసే చోట సాలెగూడు అల్లినట్టు సన్నటి గీతలు గుండ్రంగా కనిపిస్తే, ఎవరో కక్షతో గీశారని అనుకోకండి. అలాంటివి చాలావరకు బండి కడిగేటప్పుడు, తుడిచేటప్పుడు పడినవే. నా మొదటి కారు నల్లరంగుది. దాన్ని ఎంత ముద్దుగా చూసుకునేవాణ్ణంటే, పొద్దున్నే పాత బనీను ముక్కతో దుమ్మంతా తుడిచాకే మిగతా పని. ఆరు నెలలు తిరిగేసరికి బానెట్ నిండా సాలెగూళ్ళే. తడిగుడ్డతో గొంతు కోస్తారని అంటుంటాం గానీ, పెయింట్ విషయంలో ఆ పని చేసేది పొడిగుడ్డ.

అసలు ఏం జరుగుతుందంటే, ఫ్యాక్టరీలో బండి రేకు మీద ముందు తుప్పు పట్టకుండా ఒక పూత వేస్తారు. దానిమీద ప్రైమర్, ఆపైన రంగు, అన్నిటికన్నా పైన క్లియర్ కోట్ అనే రంగులేని పొర. మీరు చూసి మురిసిపోయే మెరుపంతా ఈ పైపొరదే. అన్ని పొరలూ కలిపితే మందం సుమారు 100 నుంచి 150 మైక్రాన్లు ఉంటుంది. అందులో క్లియర్ కోట్ వాటా సుమారు 40, 50 మైక్రాన్లు. మనిషి వెంట్రుక మందం దాదాపు 70 మైక్రాన్లు కాబట్టి, మీ బండిని కాపాడుతున్న పొర వెంట్రుక కన్నా పలచన అన్నమాట. ఇక రోడ్డు దుమ్ములో ఉండే ఇసుక రేణువు చాలావరకు క్వార్ట్జ్ అనే గట్టి ఖనిజం. వజ్రానికి 10 ఇచ్చే మోస్ కొలమానంలో దీని గట్టిదనం 7. మామూలు గాజు కూడా దీని ముందు మెత్తనే. ఆ రేణువులు అంటుకున్న రేకు మీద గుడ్డ పెట్టి రుద్దితే ఉప్పుకాగితం పెట్టి గీకినట్టే.

పాలిష్ చేయిస్తే పోతాయిగా అంటారా? పోతాయి. కానీ పాలిష్ గీతను పూడ్చదు, చుట్టూ ఉన్న పొరను గీత లోతుకు అరగదీస్తుంది. ఉన్నదే వెంట్రుక కన్నా పలచటి పొర, దాన్ని ఎన్నిసార్లు అరగదీస్తారు? అందుకే కింద చెప్పే పద్ధతి అంతా ఒకే లెక్క మీద నడుస్తుంది: మట్టిని నీళ్ళతో ఎంత వదిలించగలిగితే అంత వదిలించాలి, చెయ్యి తగిలేది ఆ తర్వాతే.

ముందుగా సిద్ధం చేసుకోవాల్సినవి

రెండు బకెట్లు, కారు షాంపూ, వాష్ మిట్ అనే మైక్రోఫైబర్ చేతి తొడుగులు రెండు, చక్రాలకు వేరే బ్రష్షు, తుడవడానికి పెద్ద మైక్రోఫైబర్ టవల్. పైపు ఉంటే మంచిదే, లేకపోతే మగ్గుతో పోసినా సరిపోతుంది. రెండు బకెట్ల అడుగునా పెట్టుకునే జల్లెడ లాంటి ప్లాస్టిక్ బిళ్ళలు దొరుకుతాయి. తొడుగు మునిగినప్పుడు అడుగున దిగిన ఇసుక మళ్ళీ పైకి లేవకుండా ఇవి ఆపుతాయి. తప్పనిసరి కాదు గానీ, ఉంటే హాయి.

స్పాంజ్ కొనకండి. దాని ముఖం చదునుగా ఉంటుంది, చిక్కిన ఇసుక లోపలికి పోయే దారి లేక రేకుకూ స్పాంజ్‌కూ మధ్యే తిరుగుతుంది. మైక్రోఫైబర్ తొడుగుకు పొడుగాటి కుచ్చులు ఉంటాయి కాబట్టి రేణువు వాటి లోపలికి వెళ్ళిపోతుంది.

సబ్బు గురించి చాలామందికి పట్టింపు ఉండదు. గిన్నెలు తోమే ద్రవం జిడ్డు వదిలించడానికి పుట్టింది. బండి మీద రక్షణకు రాసిన వ్యాక్స్ (మైనం) కూడా దాని దృష్టిలో జిడ్డే, దాన్నీ వదిలించేస్తుంది. ఒకసారి వాడినంత మాత్రాన పెయింట్ ఊడి చేతికి రాదు, అంత టెన్షన్ అక్కర్లేదు. కానీ ప్రతివారం అదే వాడితే పైన రక్షణ మిగలదు. బట్టల సబ్బు పొడి ఇంకా దారుణం: క్షార గుణం ఎక్కువ, పైగా కరగని పలుకులు గీతలు పెడతాయి. మెరుపు కోసం డీజిల్ పూసే అలవాటు ఉంటే ఈ రోజే మానేయండి. ఆ మెరుపు ఒక పూట ముచ్చట, ఆ జిడ్డుకు రెట్టింపు దుమ్ము అంటుకుంటుంది, రబ్బరు భాగాలు పాడవుతాయి.

ఇంకొకటి, చేతికి ఉంగరం, వాచీ ఉంటే తీసేయండి. బెల్టు బకిల్, జీన్స్ బొత్తాములు కూడా చూసుకోండి. బానెట్ అవతలి వైపు అందుకోవడానికి వంగినప్పుడు అవే ముందు ఆనుకుంటాయి. నా కారు ఎడమ మడ్‌గార్డ్ మీద ఇప్పటికీ ఒక బకిల్ గుర్తు ఉంది.

ఎక్కడ, ఎప్పుడు

నీడలోనే కడగాలి. అరచేతి వెనకభాగం రేకు మీద పెడితే చల్లగా తగలాలి. వేడి రేకు మీద నీళ్ళు, షాంపూ నిమిషాల్లో ఆరిపోయి మరకలు కడతాయి. పొద్దున ఎండ ఎక్కక ముందో, సాయంత్రమో పెట్టుకోండి. అప్పుడే ప్రయాణం చేసి వచ్చిన బండి అయితే ఇంజనూ బ్రేకులూ చల్లారే వరకు, కనీసం అరగంట ఆగండి. కాలుతున్న బ్రేక్ డిస్కు మీద చన్నీళ్ళు గుమ్మరించడం మంచిది కాదు.

చక్రాలతో మొదలుపెట్టండి

అందరూ చివర్న కడిగే చక్రాలను ముందే కడిగేయండి. వాటి మీద ఉండేది మామూలు మట్టి కాదు. బ్రేక్ ప్యాడ్లూ డిస్కులూ అరిగి రాలిన ఇనుప రజను అందులో కలిసి ఉంటుంది. ఒళ్ళంతా కడిగాక చక్రాలు తోమితే ఆ రజను నీళ్ళు మళ్ళీ డోర్ల మీద చిందుతాయి. చక్రాలకు వాడిన బ్రష్షు, గుడ్డ, నీళ్ళు ఏవీ బండి ఒంటికి తగలకూడదు. నేనైతే చక్రాలకు మూడో బకెట్ వేరే పెట్టుకుంటాను, పాతది, చెవి విరిగింది. ఆ విరిగిన చెవే గుర్తు.

నానబెట్టడం: ఇక్కడే సగం పని

తొందరపడేవాళ్ళంతా దాటేసే మెట్టు ఇదే. ముందు వట్టి నీళ్ళతో బండిని పైనుంచి కిందికి బాగా తడపండి. చక్రాల పైన మడ్‌గార్డ్ లోపలి అంచుల్లో, బంపర్ కింద, నంబర్ ప్లేట్ చుట్టూ మట్టి పేరుకుని ఉంటుంది. అక్కడ ఎక్కువసేపు పట్టండి. గట్టిగా కొట్టే ధార కన్నా ఎక్కువసేపు పారే నీళ్ళే మట్టిని బాగా వదిలిస్తాయి.

తర్వాత షాంపూ నురగ కప్పండి. నురగ చిమ్మే ఫోమ్ గన్ ఉంటే సరే, లేకపోతే మొక్కలకు మందు కొట్టే చేతి పంపు లాంటిది కొత్తది ఒకటి కొని దీనికే ఉంచుకోండి. నురగ కప్పాక మూడు నుంచి ఐదు నిమిషాలు ఏమీ చేయకుండా నిలబడండి. చెయ్యి ఊరుకోదు, గుడ్డ తీసుకుని మొదలుపెడదామని లాగుతుంది. ఆగండి. ఆ కాసేపట్లో ఎండిన మట్టి మెత్తబడి, నురగతో పాటు జారి కింద పడుతుంది. నేల మీద గోధుమరంగు నీళ్ళు పారడం చూస్తే మీకే అర్థమవుతుంది, అదంతా గుడ్డ కింద నలగాల్సిన ఇసుక. అయితే నురగ ఆరిపోనివ్వకండి. ఆరేలా ఉంటే ఇంకాస్త నీళ్ళు చల్లండి. చివర్న పూర్తిగా కడిగేయండి.

ప్రెషర్ వాషర్ ఉంటే ఈ మెట్టు సులువవుతుంది. కానీ నాజిల్‌ను రేకుకు కనీసం అడుగు దూరంలో ఉంచండి. సన్నటి సూదిధార వద్దు, విసనకర్రలా విచ్చుకునే ధార పెట్టుకోండి. పెయింట్ పెచ్చు లేచిన చోట, స్టిక్కర్ల అంచుల్లో, తలుపు రబ్బర్ల దగ్గర సూటిగా కొడితే ఉన్న పెచ్చు ఇంకా ఊడుతుంది.

రెండు బకెట్లు ఎందుకంటే

ఇప్పుడు చెయ్యి తగిలే పని మొదలు. ఒక బకెట్లో షాంపూ నీళ్ళు, సీసా మీద రాసిన కొలత ప్రకారం. ఎక్కువ పోస్తే ఎక్కువ శుభ్రం కాదు, కడిగినా వదలని పొర మిగులుతుంది. రెండో బకెట్లో వట్టి నీళ్ళు. తొడుగును షాంపూ నీళ్ళలో ముంచండి, ఒక డోరో, సగం బానెట్టో తుడవండి, తర్వాత వట్టి నీళ్ళ బకెట్లో జాడించి పిండండి. అప్పుడే మళ్ళీ షాంపూలో ముంచాలి. ఒకే బకెట్‌తో కడిగేవాళ్ళు బండి మీది ఇసుకను షాంపూలో కలిపి మళ్ళీ బండికే పూస్తున్నారు. పని అయ్యాక రెండో బకెట్ అడుగు చూడండి. నానబెట్టి కడిగినా అక్కడ ఇసుక మిగిలే ఉంటుంది. ఇక నమ్మకం కలగడానికి నేను వేరే చెప్పక్కర్లేదు.

వరస ఇలా: ముందు టాపు, తర్వాత అద్దాలు, బానెట్, డిక్కీ, డోర్ల పైభాగం. డోర్ హ్యాండిల్ కింది సగం, బంపర్లు చివర్న, అవి కూడా రెండో తొడుగుతో. టైర్లు చిమ్మే మట్టి అంతా ఆ కింది సగానికే అంటుకుంటుంది.

నొక్కకండి. తొడుగు బరువు ఎంతో అంత ఒత్తిడి చాలు. మట్టి రాకపోతే బలం పెట్టడానికి బదులు మళ్ళీ నానబెట్టండి. సున్నాలు చుట్టకుండా సూటిగా, ముందునుంచి వెనక్కి లాగండి. ఎంత జాగ్రత్తపడినా ఒకటీ అరా గీత పడుతుంది. సూటిగా పడ్డ గీత ఒక కోణంలోంచే కనిపిస్తుంది. గుండ్రంగా తిప్పితే పడ్డ గీతల్లో ఏదో ఒకటి ఎటునుంచి చూసినా ఎండకు మెరుస్తుంది.

తొడుగు నేల మీద పడిందా? ఆ రోజుకు దాని డ్యూటీ అయిపోయినట్టే. జాడిస్తే పోతుందిలే అనుకుని నేను ఒకసారి మళ్ళీ వాడాను. బకిల్ గుర్తుకు కుడివైపు తోడు దొరికింది.

చివరి నీళ్ళు, ఆరబెట్టడం

నురగ కడిగాక పైపు మూతికి ఉన్న నాజిల్ తీసేసి, ధారను టాపు మీద మెల్లగా పారనివ్వండి. చుక్కలు చుక్కలుగా నిలిచిన నీళ్ళను ఆ పలచటి పారకం తనతో లాక్కుపోతుంది, మీరు తుడవాల్సింది సగానికి తగ్గుతుంది.

గాలికే ఆరిపోతుందని వదిలేయకండి, ముఖ్యంగా బోరు నీళ్ళయితే. కఠినజలంలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఉంటాయి. నీళ్ళు ఆవిరై ఆ లవణాలు తెల్లటి చుక్కలుగా మిగులుతాయి. వెంటనే అయితే తుడిస్తే పోతాయి, ఎండలో వారాలు గడిస్తే క్లియర్ కోట్‌లోకి దిగి గుంటలు చేస్తాయి. అప్పటికే చుక్కలు ఉంటే తెల్ల వెనిగర్‌లో సమంగా నీళ్ళు కలిపి, గుడ్డ తడిపి, చుక్కల మీద ఒకటి రెండు నిమిషాలు పరిచి, వెంటనే నీళ్ళతో కడిగేయండి. ముందు ఎవరి కంటా పడని మూల చిన్నచోట పరీక్షించుకోండి.

తుడవడం కూడా రుద్దడం కాకూడదు. పెద్ద మైక్రోఫైబర్ టవల్‌ను బానెట్ మీద దుప్పటిలా పరిచి, రెండు మూలలు పట్టుకుని మీ వైపు లాగండి. డోర్ల మీద అద్దినట్టు తుడవండి. సైడ్ మిర్రర్లలో, హ్యాండిళ్ళ లోపల, నంబర్ ప్లేట్ వెనక దాగిన నీళ్ళు అంతా అయ్యాక తీరిగ్గా కారి చారలు కడతాయి. చిన్న బ్లోయర్ ఉంటే అక్కడ గాలి కొట్టండి. డోర్లు, డిక్కీ తెరిచి అంచులు తుడవండి. డోర్ అడుగున నీళ్ళు పోవడానికి చిన్న రంధ్రాలు ఉంటాయి. మట్టితో మూసుకుపోతే నీళ్ళు లోపలే నిలిచి తుప్పు పడుతుంది, పుల్లతో శుభ్రం చేయండి. వైపర్ల కింద చేరిన ఆకులూ అంతే.

చివరగా బండిని నెమ్మదిగా నడుపుతూ రెండు మూడుసార్లు బ్రేక్ తేలిగ్గా నొక్కి వదలండి. తడిసిన బ్రేకులు మొదటిసారి సరిగా పట్టవు.

బైక్ అయితే

పెయింట్ వరకు పద్ధతి ఒకటే, కాకపోతే బైక్‌లో నీళ్ళు పోకూడని చోట్లు ఎక్కువ. సైలెన్సర్ మూతికి ప్లాస్టిక్ కవర్ కట్టి రబ్బరు బ్యాండ్ వేయండి, కడగడం అయ్యాక తీయడం మర్చిపోకండి. తాళంచెవి రంధ్రం, హ్యాండిల్ స్విచ్‌లు, సీటు కింద ఎయిర్ ఫిల్టర్ వైపు, చక్రాల బేరింగుల మీద, రేడియేటర్ రెక్కల మీద ప్రెషర్ ధార వద్దు. చైన్ ముందే శుభ్రం చేసుకోండి, లేకపోతే ఆ గ్రీజు నలుపు కడిగిన రిమ్ముల మీద చిమ్ముతుంది. చైన్ ఆరాక మళ్ళీ లూబ్ వేయాలి. ఆ లూబ్ గానీ, పాలిష్ గానీ బ్రేక్ డిస్కు మీద పడకూడదు. టైర్ మెరుపు ద్రవాలు బైక్ టైర్‌కు రాయొద్దు. నేలను పట్టుకునే చోటికి కొంచెం జారినా మలుపులో పడేస్తుంది.

బైకుల్లో, కొన్ని కార్లలో మెరుపు లేని మ్యాట్ పెయింట్ వస్తోంది. దానికి వ్యాక్స్, పాలిష్ రెండూ నిషిద్ధం. రుద్దిన చోట మెరుపు మచ్చ పడితే మళ్ళీ మ్యాట్‌గా మార్చడం అంటూ ఉండదు, ఆ భాగానికి పెయింట్ వేయించాల్సిందే.

వారం ఆగని మరకలు

పిట్ట రెట్ట కనిపిస్తే కడిగే రోజు దాకా ఆగొద్దు. అందులో యూరిక్ ఆమ్లం ఉంటుంది. ఎండకు వేడెక్కి మెత్తబడిన క్లియర్ కోట్, చల్లారేటప్పుడు ఎండిన రెట్ట చుట్టూ బిగుసుకుని మచ్చ అచ్చుగుద్దినట్టు మిగులుతుంది. గోటితో గీకకండి. గుడ్డనో, టిష్యూ కాగితాన్నో నీళ్ళలో బాగా తడిపి దాని మీద ఐదు పది నిమిషాలు వేసి ఉంచండి, మెత్తబడ్డాక ఎత్తినట్టు తీసేయండి. మిగిలింది నీళ్ళు పోసి కడగండి. కారులో ఒక నీళ్ళ సీసా, రెండు మైక్రోఫైబర్ గుడ్డలు ఎప్పుడూ ఉంచుకోవడం నాకు ఇందుకే అలవాటైంది. చచ్చి అంటుకున్న పురుగులకూ ఇదే వైద్యం. తారు మరకలకు తారు వదిలించే ద్రవం విడిగా దొరుకుతుంది, పెట్రోల్‌తో రుద్దకండి. చెట్టు బంక గట్టిపడితే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ గుడ్డ మీద పోసి కాసేపు ఆనించి తీయండి, తర్వాత అక్కడ కడిగి మళ్ళీ వ్యాక్స్ రాయండి.

వ్యాక్స్, క్లే, కోటింగ్

కడిగి ఆరిన బండి మీద పలచటి పాలిథీన్ కవర్ చేతికి తొడుక్కుని నిమరండి. గరుగ్గా తగిలితే, కడిగినా వదలని మురికి పెయింట్‌కు పట్టి ఉందని అర్థం. బంకమట్టి ముద్దలా ఉండే క్లే బార్ దాన్ని లాగేస్తుంది. తడి ఉండేలా లూబ్రికెంట్ అనే జారుడు ద్రవం చల్లుతూ, నొక్కకుండా జరపాలి. కింద పడ్డ క్లే ముక్కను పారేయడమే. క్లే కూడా కొంచెం గీతలు పెట్టే వస్తువే, ఏడాదికి ఒకటి రెండుసార్లకు మించి వాడకండి.

తర్వాత వ్యాక్స్. కార్నూబా వ్యాక్స్ బ్రెజిల్‌లో పెరిగే ఒక తాటిజాతి చెట్టు ఆకుల నుంచి వస్తుంది. అది కొన్ని వారాలే నిలుస్తుంది, వ్యాక్స్‌లాగే రాసే సింథటిక్ సీలెంట్లు అంతకన్నా ఎక్కువ. నీళ్ళు పోస్తే ముత్యాల్లా గుండ్రంగా నిలవకుండా చదునుగా పరుచుకుంటే మళ్ళీ రాసే వేళైందని గుర్తు. పెయింట్ మీద గట్టిపడే సిరామిక్ కోటింగ్ అనే పూత చేయించుకున్నవాళ్ళు ఇక గీతలు పడవని ధీమాగా పొడిగుడ్డతో తుడుస్తుంటారు. అది మరకల నుంచి, ఎండ నుంచి కాపాడుతుంది, కడగడం సులువవుతుంది. ఇసుకతో రుద్దితే దాని మీదా గీతలు పడతాయి. కొత్తగా పెయింట్ వేయించిన భాగానికి మాత్రం వేసినవాళ్ళు చెప్పిన గడువు దాటే వరకు వ్యాక్స్ వద్దు, లోపలి ద్రావకాలు పూర్తిగా ఆవిరవ్వాలి.

నీళ్ళు తక్కువైనప్పుడు

తర్వాత నీళ్ళు పోసి కడగక్కర్లేని రిన్స్‌లెస్ వాష్ ద్రవాలు ఉన్నాయి. ఒక బకెట్ నీళ్ళలో కలిపి ఎనిమిది, పది మైక్రోఫైబర్ గుడ్డలు నానేస్తారు. పంపుతో అదే ద్రవం చల్లి నానబెట్టి, ఒక్కో భాగానికి ఒక్కో గుడ్డతో ఒక్కసారి లాగి పక్కన పడేయడమే. వాడిన గుడ్డ మళ్ళీ బకెట్లోకి వెళ్ళకూడదు. పైపైన దుమ్ము ఉన్న బండికి ఇది చక్కగా పనిచేస్తుంది. బురద కొట్టుకున్న బండికి మాత్రం నీళ్ళు దొరికేదాకా ఆగండి. దుమ్ముతోనే నాలుగు రోజులు తిరిగితే బండికి ఏమీ కాదు, పొడిగా తుడిస్తే అవుతుంది.

మైక్రోఫైబర్ గుడ్డలను నూలు బట్టలతో కలిపి ఉతకకండి, నూలు పీచు పట్టేస్తుంది. ఫ్యాబ్రిక్ కండిషనర్ వేయొద్దు, మరీ వేడినీళ్ళు వద్దు. ఆరాక మూత ఉన్న డబ్బాలో పెట్టండి.

మీరు స్వయంగా కడగరు, ఎవరో కడుగుతారంటే వాళ్ళకు మీ బకెట్లు, మీ తొడుగులు, మీ టవల్ ఇవ్వండి. మొదటి రెండుసార్లు పక్కన నిలబడి చూపించండి. వాషింగ్ సెంటర్‌కు తీసుకెళ్తే తిరిగే బ్రష్షుల వైపు పోకండి. ముందు కడిగిన బండి మట్టి ఆ బ్రష్షుల్లోనే ఉంటుంది. నురగ కొట్టి నీళ్ళతో కడగడం వరకు వాళ్ళతో చేయించుకుని, పక్కకు తీసి మీ టవల్‌తో మీరే తుడుచుకోండి.